శిస్తు, కావలి, పోలీసు



నా చిన్ననాట మా కొండాపురము చుట్టుపట్ల పల్లెలలో పసిబిడ్డ అన్నము తినక మారాము చేసినచో, తల్లి "అదిగో, పోలీసు వచ్చుచున్నాడు" అని బెదరించుట వాడుక. బూచివాని పేరును పోలీసువాని పేరును ఆమె నోట ఒక్క తీరుననే పనిచేసెడివి. దొంగల నుండి మనలను కాపాడుటకై జీతమిచ్చి పెట్టుకొన్నవాని పేరు చెప్పి బిడ్డను జడిపించుట యేమి వింత యని అప్పుడు మాకు తోచలేదు. తల్లికిని తోచలేదు. తరువాత పాత గ్రంథములు, ప్రభుత్వపు నివేదికలు తిరుగవేయగా, ఆ మాట ఊరక పుట్టినది కాదనియు, దాని వెనుక రెండువందల యేండ్ల కథ కలదనియు తెలిసికొంటిని. అందులో నాకు తెలిసినంత ఈ పూట మీకు విన్నవించెదను.

కథకు ముందు మా యింటి సంగతి యొకటి చెప్పవలసియున్నది. నాకు తొమ్మిదియో పదియో యేండ్లు ఉండగా మా యింట పెద్ద ఇత్తడి బిందె యొకటి కనబడకపోయినది. మా చేలకు కావలి కాయు యానాది యొకడు ప్రతి సాయంకాలము మా పెరటికి వచ్చి కూడు పెట్టించుకొని పోవువాడు. అతని మీద అనుమానమున్నదని మా నాయన ఠాణాలో చెప్పెను. ఆ ఠాణా యేదియో, ఆ ఉద్యోగి యెవరో చెప్పను. చెప్పినందువలన ఇప్పుడు ప్రయోజనమును లేదు. మూడు దినములకు ఆ మనిషి తిరిగి వచ్చెను. ఒక కాలు ఈడ్చుచు వచ్చెను. బిందెను తానే తీసితినని అక్కడ ఒప్పుకొన్నాడట. ఎక్కడ దాచెనో మాత్రము చెప్పలేకపోయినాడట. ఆ వేసవిలో పెరటి బావి పూడిక తీయించగా బిందె బురదలో దొరకెను. చేదత్రాడు తెగి పడిన మాటను మా యింటివారిలో ఎవరో భయపడి దాచిరి. మా నాయన ఆ బిందెను మఱల వంటింట పెట్టనీయలేదు. అటులని ఠాణాకు పోయి సంగతి చెప్పలేదు. ఆ మనిషి గుడిసెకును పోలేదు. ఆ మనిషి మాత్రము మా చేనికి మఱల కావలి రాలేదు.

ఈ సంగతి నా మనస్సున ములువలె నుండిపోయినది. అందుచేతనే ఈ చరిత్ర చదువ మొదలిడితిని.

నెల్లూరు సీమ 1801వ సంవత్సరమున ఆర్కాటు నవాబు చేతి నుండి కుంఫిణీవారి పాలనకు వచ్చినది. అంతకు పూర్వము ఊరి రక్షణ యనునది పాళెగాండ్రదియు, కావలిగాండ్రదియు. రైతు పండిన పంటలో కొంత కావలి రుసుముగా కొలిచి యిచ్చును. పొలములో గాని యింట గాని దొంగతనము జరిగి దొంగ దొరకనిచో ఆ నష్టమును కావలివాడే ఇచ్చుకొనవలెనని ఆచారము. మన జిల్లాలో యానాదులు తరతరములుగా ఊరి కావలి కాచినవారు. ఈ యేర్పాటు కృతయుగపు ధర్మమని నేననను. రుసుము ముట్టని ఊరిలో కావలిగాండ్రే కన్నము వేయించి బుద్ధిచెప్పిన కథలును కలవు. కాని కావలివాడు ఊరికి జవాబుదారి యన్న భావము మాత్రము అందులో నుండెను. దొంగ దొరకనిచో నష్టపడువాడు తానే; ఊరివాడెవనినో కొట్టి ఒప్పించినంత మాత్రమున ఆ నష్టము తీఱునది కాదు.

కుంఫిణీవారు 1802లో ఆ కావలి హక్కులను తీసివేసి, జిల్లా న్యాయాధిపతుల క్రింద జీతపు దరోగాలను నియమించిరి. అది సాగలేదు. దరోగాకు ఊరు తెలియదు, ఊరికి దరోగా తెలియడు. 1814లో సర్ థామస్ మన్రో న్యాయ పోలీసు పద్ధతులను సవరించుటకై యేర్పడిన సంఘమునకు పెద్దయై సీమ నుండి వచ్చెను. రైతునెఱిగిన దొర యని ఆయనకు పేరు. ఆయన యత్నము వలన 1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషను వచ్చినది. ఊరి మునసబును, అనగా మన సీమలో రెడ్డిని, ఊరి పోలీసునకు పెద్దను చేసిరి. అతనికి తోడు కరణము, తలారి, వెట్టి. తాలూకా పోలీసునకు పెద్ద తహసీల్దారు. ఆ పైన కలెక్టరే మేజిస్ట్రేటు. ఊరివారి చేతనే ఊరిని కాపాడించవలెనన్న తలంపు మంచిదే. ఖర్చును తక్కువ.

అయితే పెద్దలు ఇక్కడ ఒక్క సంగతి గమనింపవలెను. తహసీల్దారునకు ఆ పేరు ఎందులకు వచ్చినది? తహసీలు అనగా వసూలు. శిస్తు వసూలు చేయుట అతని అసలు పని. కిస్తు గడువునకు తాలూకా రొక్కము ఖజానాకు చేరకున్న అతని ఉద్యోగమునకే మోసము. అట్టివాని చేతికే దొంగను పట్టు అధికారము, మనిషిని నిర్బంధించు అధికారము ఇచ్చిరి. గ్రామములో మునసబుకును అంతియే. చిన్న నేరములకు మనిషిని పండ్రెండు గంటలు నిర్బంధించు హక్కును, తక్కువ కులము వాడైనచో ఆఱు గంటలు బొండకొయ్యలో కాళ్లు బిగించు హక్కును ఆ రెగ్యులేషనే మునసబునకు ఇచ్చినది. తక్కువ కులము వాడైనచో అన్న మాట నేను చేర్చినది కాదు, చట్టములోనే కలదు. ఊరిలో ఒకనికి చావడి నిర్బంధము, మఱియొకనికి బొండకొయ్య. ఆ కాలపు దొరల న్యాయమును మన కులాచారమును అచ్చట చక్కగా చేయికలిపినవి.

మన ఉదయగిరి ప్రాంతపు నేల సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. వెలికొండల క్రింద మెట్టనేల. జొన్న, సజ్జ, వరిగ. వాన కురిసిన చెఱువు, లేకున్న బీడు. ఉదయగిరి కోటయు దాని క్రింది గ్రామములును కొంతకాలము జాగీరుదారుని వశమున నుండి, కుట్ర అనుమానముపై 1840 ప్రాంతమున ప్రభుత్వపు స్వాధీనమైనవి. ఇట్టి నేలలో శిస్తు రొక్కముగా, గడువు తప్పక చెల్లింపవలెననిన, పండని యేట రైతు ఎక్కడ తెచ్చును? వడ్డీ వ్యాపారి యింటికి పోవలెను. అక్కడను దొరకనిచో కచేరి ముంగిట నిలువవలెను.

కచేరి ముంగిట ఏమి జరుగుచుండెనో 1855లో అచ్చైన నివేదిక యొకటి పూసగ్రుచ్చినట్లు చెప్పుచున్నది. అందులోని సంగతులు చదువుచుండగా నాకు పలుమాఱులు పుస్తకము మూయవలసి వచ్చినది. కొన్ని మాత్రము చెప్పెదను. బాకీదారుని ఎండలో నిలువబెట్టుట. అన్నమునకు గాని కాలకృత్యమునకు గాని పోనీయకుండుట. వాని పశువులను మేతకు పోనీయక కొట్టములో మూసియుంచుట. వాని యింటి మీద బంట్రోతును కూర్చుండబెట్టి దినబత్తెము వానిచేతనే ఇప్పించుట. మోకాళ్ల మడతలో ఇటుక ముక్కలు పెట్టి గొంతుక్కూర్చుండబెట్టుట. ఇద్దఱి జుట్లు కలిపి ముడివేయుట. లేదా జుట్టును గాడిద తోకకో దున్న తోకకో కట్టుట. మెడలో ఎముకల దండ వేసి త్రిప్పుట. వీని కన్నిటికంటె తఱచుగా జరుగునవి రెండని వ్రాసిరి. ఒకటి, ఒక కొనను కట్టిన రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లుంచి నిమ్మకాయ పిండినట్లు నొక్కుట. తెలుగున దీనిని చిరత యనుచుండిరి. రెండవది, మనిషిని వంచి మెడను కాలికి త్రాటితో బిగించి గంటల తరబడి అటులనే ఉంచుట. దీనికి తెలుగు పేరు గింగిరి. శిస్తు బాకీకి ఏ చిరతయో, దొంగతనము ఒప్పించుటకును ఆ చిరతయే. చేయించువాడును ఒక్కడే.

ఈ సంగతులు బయటపడిన తీరును చెప్పవలెను. అందులో మన తెలుగువాని కృషి కలదు. గాజుల లక్ష్మీనర్సు సెట్టిగారు మదరాసులో వర్తకులు. 1844లో క్రెసెంటు అను పత్రికను స్థాపించి, 1852లో మదరాసు స్వదేశీయుల సంఘమును నెలకొల్పిరి. కుంఫిణీ పట్టా మార్చవలసిన అదను చూచి, రైతుల బాధలను, శిస్తు వసూలులోని హింసలను వివరించుచు ఆ సంఘమువారు సీమలోని పార్లమెంటునకు మహజరు పంపిరి. డాన్బీ సీమర్ అను పార్లమెంటు సభ్యుడు 1853లో స్వయముగా మదరాసునకు వచ్చి, సెట్టిగారిని వెంటబెట్టుకొని జిల్లాలు తిరిగి చూచెను. మరల పోయి 1854 జూలైలో పార్లమెంటులో ఈ విషయమెత్తెను. అట్టి దేమియు లేదని చెప్పవలసినవారు చెప్పిరి. తుదకు విచారణ సంఘమొకటి వేయక తప్పలేదు. ఎలియట్, స్టోక్సు, నార్టను అను మువ్వురు దొరలు అందులోని సభ్యులు. నార్టను న్యాయవాది, నిర్భయముగా వ్రాయువాడు.

సంఘము మదరాసులో కూర్చున్నది. బాధితులు రావచ్చునని, రాలేనివారు వ్రాసి పంపవచ్చునని ప్రకటన చేసినది. అప్పటికి మన దేశమున దక్షిణాదిని రైలు లేదు. మదరాసు రాయపురము నుండి తొలి బండి కదలినది 1856లో. మా కొండాపురము నుండి మదరాసునకు నూటయేబది మైళ్లకు పైబడి దూరము. సద్దిమూట కట్టుకొని నడచిన పదిదినములు. పోవుటకు సెలవీయవలసినవాడు ఆ రెడ్డి, ఆ తహసీల్దారు. పోయి చెప్పి తిరిగివచ్చి బ్రతుకవలసినది మఱల వారి క్రిందనే. అయినను, 519 మంది స్వయముగా వచ్చి చెప్పుకొనిరి. 1,440 ఉత్తరములు వచ్చినవి. మొత్తము 1,959 మొరలు. ఆ అయిదువందల పందొమ్మిది మందిలో ఒక్కని పేరైనను మన బడి పుస్తకములలో లేదు. కోటలు పట్టినవారి కథలకంటె ఆ నడచిపోయినవారి కథ నాకు గొప్పదిగా తోచుచున్నది.

1855 ఏప్రిల్‌లో సంఘమువారు నివేదిక ఇచ్చిరి. హింస జరుగుచున్న మాట నిజమే యనిరి. పూర్వముకంటె తగ్గుచున్నదనియు, తెల్లదొరలు దానిని ప్రోత్సహించుట లేదనియు, నేటివు ఉద్యోగులే చేయుచున్నారనియు వ్రాసిరి. తమను మిక్కిలి కలతపెట్టినది, బాధితునకు న్యాయము దొరకుట ఎంత దుర్లభమో తెలియుట అని వ్రాసిరి. దూరము, బీదతనము, పగ సాధింతురను భయము, ఇవి యన్నియు చెప్పిరి. వసూలు పనియు పోలీసు పనియు ఒక్కచేతిలో నుండుటయే కీడునకు మూలమని తేల్చిరి.

ఈ తీర్మానములో సగము సత్యమని నా అభిప్రాయము. చిరత బిగించిన చేయి మనవాని చేయియే, సందేహము లేదు. తోటి రైతుమీద, అందును తక్కువ కులము వానిమీద చేయిచేసికొనుటకు మనవారు దొరలవద్ద నేర్చికొనవలసినదియు లేదు. కాని శిస్తు మొత్తమును నిర్ణయించినదెవరు? గడువు దాటిన రొక్కమునకై తహసీల్దారు మెడమీద కత్తి వ్రేలాడదీసినదెవరు? పైవాడు రొక్కము మాత్రమడుగును. అది ఎట్లు వచ్చినదని యడుగడు. క్రిందివాడు దొరకిపోయినప్పుడు వాని దుర్మార్గమునకు ఆశ్చర్యపడును. ఈ నాటకము ఆనాటితో ముగిసినది కాదని మీరెఱుగుదురు.

నివేదిక వలన మేలు కలిగిన మాట నిజము. 1859లో మదరాసు రాజధానికి ప్రత్యేకమైన పోలీసు చట్టము వచ్చినది. రాబిన్సను దొర దానికి తొలి ముఖ్యాధికారి. తహసీల్దారు చేతినుండి పోలీసు పని తీసివేసి, జీతము, ఉడుపు, కవాతు గల కానిస్టేబుళ్ల దండును వేఱుగా ఏర్పఱచిరి. 1861లో తక్కిన ప్రాంతములకు వచ్చిన పోలీసు చట్టమును ఈ త్రోవనే నడచినది. మునసబు, తలారి మాత్రము ఊరిలో నిలిచిరి. వంశపారంపర్యపు ఆ గ్రామోద్యోగములు 1984లో రద్దగు వఱకు ఉండెనని మీలో పలువురకు స్వానుభవమే.

1860లో తయారైన శిక్షాస్మృతిలో 330వ సెక్షను ఉండెను. ఒప్పుకోలు రాబట్టుటకో, సొత్తు వాపసు చేయించుటకో మనిషిని బాధపెట్టినవానికి ఏడేండ్ల వఱకు శిక్ష. ఆ సెక్షను క్రింద ఉదాహరణములు ఇచ్చిరి. ఒప్పుకోలుకై హింసించు పోలీసు ఉద్యోగి యొకడు. సొత్తు దాచిన చోటు చెప్పుమని హింసించు పోలీసు ఉద్యోగి యొకడు. వారి ప్రక్కనే, శిస్తు బాకీకై హింసించు రెవిన్యూ ఉద్యోగి. చట్టములు సామాన్యముగా ఎండుకట్టెల వలె నుండును. ఈ ఉదాహరణములు చదివినప్పుడు మాత్రము కచేరి ముంగిట ఎండలో నిలిచిన మనిషి నాకు కన్నులకు కట్టినట్లగపడును. ఆ 519 మంది కాళ్ల దుమ్ము ఆ సెక్షను మీద పడినదని నేననుకొందును.

1872లో వచ్చిన సాక్ష్యపు చట్టము మఱియొక అడుగు వేసినది. పోలీసు ఉద్యోగితో చేసిన ఒప్పుకోలు కోర్టులో ముద్దాయి మీద చెల్లదు. మా చేని కావలివాని ఒప్పుకోలునకు చట్టమున చిల్లిగవ్వ విలువ లేదు. ఆ సంగతి అతడెఱుగడు. మా నాయనయు ఎఱుగడు. అయితే ఆ చట్టములోనే 27వ సెక్షను అను సందు ఉండెను. ముద్దాయి చెప్పిన మాటవలన సొత్తు దొరకినచో, ఆ దొరకుటకు సంబంధించినంత మాట చెల్లును. ఇది న్యాయమే యనువారు కలరు. సొత్తు దొరకుట ప్రత్యక్షము గదా యందురు. కాని బిందె ఎక్కడ, బిందె ఎక్కడ అని మూడు దినములు అడుగుటకు ఆ సందే దారి చూపుచున్నదని నాకు తోచును. బావిలో పడిన బిందె జాడ అతడెక్కడినుండి తెచ్చి చెప్పును?

కొత్త పోలీసు వచ్చినను నమ్మకము వచ్చినదా? 1902, 1903 సంవత్సరములలో ఫ్రేజరు దొర పెద్దగా ఒక సంఘము దేశమంతట విచారించి, ప్రజలు పోలీసును లంచగొండి యనియు పీడకుడనియు తలంచుచున్నారని ప్రభుత్వమునకే నివేదించినది. దొరతనమువారు దానికిచ్చిన మందు సగము. తరువాత చేసిన కీడు నిండుగా చేసిరి. నేరస్థ జాతుల చట్టము 1911లో మదరాసు రాజధానికి వ్యాపించినది. ఒక కులమున పుట్టుటయే నేరమని యెంచి, పేరులు పట్టీకెక్కించి, రాత్రులు హాజరు పిలిచి, చీటీ లేక ఊరు దాటరాదనిరి. మన జిల్లాలో యెరుకలవారిని కావలి పట్టణములోని నివాసమునకు చేర్చి, అమెరికను బాప్టిస్టు మిషనువారి యజమాయిషీలో నుంచిరి. బాపట్ల చెంత స్టూవర్టుపురము అట్టిదే. ఆ చట్టము దేశమంతట 1952 ఆగస్టు 31న రద్దయినది. కాగితము మీద రద్దయినది గాని, దొంగతనము జరుగగానే ముందుగా ఏ గుడిసెకు పోవలెనన్న అలవాటు రద్దు కాలేదు. ఠాణావారి అలవాటే కాదు, మన అలవాటును అంతియే. మా నాయన నోట ఆ కావలివాని పేరే ముందుగా ఏల వచ్చినది?

స్వరాజ్యోద్యమ కాలపు సంగతులు మీకు తెలిసినవే. 1922 ఫిబ్రవరిలో పల్నాటి పుల్లరి పోరాటమున కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు ఒరిగెను. అక్కడను మూలము పన్నే; అడవిలో పసుల మేతకు పుల్లరి. పన్ను వెంట తుపాకి వచ్చినది. దీనిని విస్తరింపక మన యింటిదగ్గఱి సంగతికి వచ్చెదను.

కలిగిరి మండలములోని దూబగుంట మనకు పొరుగు. 1991లో మన జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినది. రాత్రి పూట లాంతరు వెలుగున కూలిపని చేసికొను ఆడవారు పలకలు పట్టిరి. సారాయి వలన సంసారము చెడిన సీతమ్మ కథ వారి పాఠములలో ఒకటి. ఆ పాఠము చదివినవారు తమ కథనే చదివికొనిరి. రోశమ్మగారు మొదలగు స్త్రీలు ఊరికి వచ్చు సారాయిని అడ్డగించిరి. అప్పుడు సారాయి దొంగసరకు కాదని మనము మఱవరాదు. ప్రభుత్వమువారే పాట పెట్టి గుత్తేదారులకు అమ్మెడి హక్కు అది. 1970–71లో ముప్పది తొమ్మిది కోట్లున్న రాష్ట్రపు ఆబ్కారి రాబడి 1991–92 నాటికి ఎనిమిదివందల కోట్లు దాటినది. కాబట్టి ఆడవారు సారాయి బండికి అడ్డము నిలువగానే, పోలీసులు గుత్తేదారు పక్షమున వచ్చి వారిని బెదరించిరి. కలెక్టరువద్దకే పోదుము రమ్మని ఆడవారు కదలక నిలిచిరి. పోలీసులే వెనుదిరిగిరి.

దీనిని నేను 1816 నాటి కథకు ప్రక్కనుంచి చూచుచున్నాను. ఆనాడు శిస్తు, ఈనాడు సారాయి పాట. మొగుని చేత దెబ్బలు తిని ఠాణాకు పోయిన ఆడుదానికి మాట చెప్పుటకు తీరికలేనివారికి, గుత్తేదారుని సీసాకు కాపు కాయుటకు తీరిక యెట్లు చిక్కెను? రాబడికి కావలి కాయువాడు మనిషికి కావలి కాయలేడు. కంచే చేను మేసినదని మనవారు అందురు. నేనైతే ఇంకొక మాట అందును: ఆ కంచె మన చేనికి వేసినది కాదు, రాబడికి వేసినది. దూబగుంట ఆడవారు ఆ సంగతిని ఏ విచారణ సంఘమును లేకయే కనిపెట్టిరి. 1992లో మన జిల్లాలో సారాయి పాటలు పలుమాఱులు వాయిదా పడినవి. 1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారాయి నిషిద్ధమైనది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము రెండేండ్లు దాటిన పిదప సడలిపోయిన కథ వేఱు. ఖజానా మఱల తన మాట తాను నెగ్గించుకొన్నది.

పోలీసువారి పక్షమునను ఒక మాట చెప్పకున్న నేను న్యాయము తప్పినవాడనగుదును. నిద్రలేని కాపలాలు, తిరునాళ్లు, ఎన్నికలు, వచ్చిపోవు మంత్రుల బందోబస్తులు. ఠాణాలో చాలినంత మనుషులుండరు. పట్టుబడువాడు ఎదురు తిరిగినప్పుడు బలము వాడక తప్పదు, చట్టమును ఒప్పుకొన్నది. తప్పించుకొనకుండ ఆపుటకు వలసినంతకు మించి నిర్బంధింపరాదని మాత్రము ఆ చట్టమే హద్దు గీచినది. పట్టుకొనుటకు వాడిన బలము వేఱు, పట్టుకొన్న తరువాత గదిలో వాడు బలము వేఱు. మొదటిది ఊరంతయు చూచును. రెండవది గోడలు మాత్రము చూచును. ఇప్పుడు గోడలకును కన్నులు పెట్టవలెనని, ఠాణాలలో కెమెరాలు ఉంచవలెనని 2020 డిసెంబరులో సుప్రీము కోర్టు ఉత్తరువు చేసినది.

అదే కోర్టు 1996 డిసెంబరు 18న డి. కె. బసు వ్యాజ్యములో ఇచ్చిన తీర్పు మనవంటి వారికి మఱింత దగ్గఱిది. దానిలోని ముఖ్యాంశములు ఇప్పుడు శాసనమునకే యెక్కినవి. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 36వ సెక్షను చూడవచ్చును. మనిషిని అరెస్టు చేయునప్పుడు ఉద్యోగి తన పేరు తెలియు గుర్తు ధరింపవలెను. అరెస్టు పత్రము వ్రాయవలెను. దానిమీద పట్టుబడినవాని యింటివారిలో ఒకరో, లేక ఆ ప్రాంతపు పెద్దమనిషి యొకరో సాక్షిసంతకము చేయవలెను. బంధువునకు కబురు చేయు హక్కు పట్టుబడినవానికి కలదు. ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనన్నది రాజ్యాంగపు 22వ అధికరణము. మఱియొకటి, విచారణ సందర్భమున సాక్షిగా పలుకరింపదలచినచో, ఆడవారిని గాని, పదునైదేండ్ల లోపు బాలుని గాని, అఱువదియేండ్లు దాటిన మగవానిని గాని ఠాణాకు రమ్మనరాదు, ఉద్యోగియే యింటికి రావలెను. ఈ చివరి మాట వినుచున్న మీలో చాలమందికి అక్కఱకు వచ్చును.

ఆ ప్రాంతపు పెద్దమనిషి యను మాటను నేను మఱలమఱల చదివితిని. చట్టము ఎవరిని ఉద్దేశించి ఆ మాట వ్రాసినది? మునసబు లేడు, కరణము లేడు. చదువు వచ్చి, ఊరిలో మాట చెల్లు మనబోటి వృద్ధులే ఉన్నారు. కనుక ఏ రాత్రియో జీపు వచ్చి గుడిసెలలోని వానినొకనిని ఎక్కించుకొని, అయ్యా, ఇక్కడ ఒక్క సంతకము అని కాగితము మీ ముందు పెట్టినప్పుడు, కంటి అద్దములు తెప్పించుకొనుడు. దీపము దగ్గఱకు జరిపించుకొనుడు. పట్టుబడినవాని పేరు, పట్టుకొన్న తేదీ, వేళ అందులో ఉన్నవో లేవో చూడుడు. లేకున్న వ్రాయుమని అడుగుడు. వాని ఒంటిమీద అప్పటికి దెబ్బలున్నవో లేవో కన్నులారా చూడుడు. ఉన్నచో అదియు వ్రాయవలెనని ఆ తీర్పులోనే కలదు. వాని సంతకమో వ్రేలిముద్రయో పడినదని రూఢిచేసికొని, ఆ పిదప మీ పేరు వ్రాయుడు. ఆ వేళను మఱచిపోకుడు. ఇరువదినాలుగు గంటలు దానినుండియే లెక్క.

మా నాయనకు చదువు వచ్చును. ఆనాడు ఆయన చేతికి ఏ కాగితమును ఎవరును ఇయ్యలేదు, ఆయనయు అడుగలేదు.